డాష్ గోడ కాదు, పెంకు: స్పీడ్ బోటులో జీపీఎస్ బిగించేవాళ్ళకు

"కార్లల్ల స్టీరియోలు పెట్టేటోనివి, బోటుల జీపీఎస్ పెట్టుడు నీకొక లెక్కనా అన్నా?" అని ఫోన్లో అంటే నేనూ నిజమే కదా అనుకున్నాను. హన్మకొండలో కార్ల వైరింగు పని చేసుకునేవాణ్ని. పిలిచింది ములుగు అవతల ఒక చెరువులో తిరిగే ఫైబర్ స్పీడ్ బోటుకు. 7 అంగుళాల స్క్రీను, నీటి లోతు చూపించే సోనార్ కూడా అందులోనే. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. భోజనం టైముకు వచ్చేస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను.

డ్రిల్ బిట్టు స్టీరింగ్ ముందుండే డాష్‌కు తగలగానే టిక్కుమని చిన్న చప్పుడైంది. బిట్టు వెనక్కి తీసి చూస్తే, స్క్రూ పట్టేంత బొక్క చుట్టూ రూపాయి బిళ్ళంత మేర తెల్లటి పూత పెచ్చులూడి ఉంది. కారు డాష్ ప్లాస్టిక్కు. బిట్టుకు లొంగుతుంది, కాస్త సాగుతుంది కూడా. ఇది సాగలేదు, పగిలింది. బోటు డ్రైవరన్న నన్ను ఒక్క మాట అనలేదు. వేలితో ఆ అంచును తడిమి చూసి, "ఇంక మూడున్నయి గద" అన్నాడు. ఆ మూడూ ఆ రోజు కొట్టలేదు. మిషన్ సర్దుకుని వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళడానికి రెండు వారాలు పట్టింది. ఈ లోపు తెలుసుకున్నదీ, ఆ తర్వాత మరి కొన్ని బోట్ల మీద చేతులు కాల్చుకుని నేర్చుకున్నదీ ఇక్కడ చెబుతున్నాను. సముద్రం లేని మనకు బోటులో జీపీఎస్ ఎందుకని నవ్వేవాళ్ళుంటారు. మిడ్ మానేరు రిజర్వాయరు నీళ్ళ కింద ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. నీళ్ళు దిగినప్పుడు ఏ గోడ ఎక్కడ తేలుతుందో, ఏ చెట్టు మోడు ప్రొపెల్లర్‌కు ఎక్కడ తగులుతుందో పైనుంచి కనిపించదు. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు హెలికాప్టర్లు, పడవలు పెట్టి జనాన్ని బయటికి తేవాల్సి వచ్చింది. అలాంటి నీళ్ళలో రోడ్డేదో పొలమేదో తెలియదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళడానికి తెర మీద ఒక గీత ఉంటే దాని విలువ వేరు.

సరే, పనిలోకి వద్దాం. ఫైబర్ బోటు డాష్ చూడ్డానికి గట్టి పలకలా ఉంటుంది. నిజానికి అది పొరలు. పైన మెరిసే పూతను జెల్‌కోట్ అంటారు. మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. గాజులా గట్టిది, గాజులాగే పెళుసు. దాని కింద గాజు పీచును, ఆరితే గట్టిపడే జిగురు లాంటి రెజిన్‌లో తడిపి పేర్చిన పొర ఉంటుంది. చిన్న బోట్లలో ఇది సుమారు 3 నుంచి 6 మిల్లీమీటర్లు. ఇది కొంచెం వంగుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. కొన్ని బోట్లలో దీని వెనక ప్లైవుడ్డు ముక్క కూడా వేసి ఉంటారు. అంటే వంగేదాని మీద వంగనిదాన్ని అతికించారన్నమాట. చిక్కంతా ఇక్కడే పుడుతుంది. గోళ్ళ రంగు ఎండిపోయాక గోరును వంచితే ఏమవుతుందో బోటు డాష్ మీద బలం పెట్టినా అదే అవుతుంది. నేను గోడకు బొక్క కొట్టినట్టు కొట్టాను. డాష్ గోడ కాదు, లోపల బోలుగా ఉన్న పెంకు. దీని మీద జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం, కరెంటు పొరపాట్లతో సహా, పైన కనిపించేదే చూసి వెనకాల ఏముందో చూడకపోవడం వల్ల వచ్చేవే.

"పాడవకుండా బిగించు" అని అందరూ చెబుతారు. ఏది పాడవకుండా? బోటు ఓనరు భయం డాష్ గురించి. జీపీఎస్ డబ్బులు కట్టినవాడి భయం స్క్రీను గురించి. నా ఓనరు ఇద్దరూ తానే అయినా, ముందు ఏది కాపాడాలో ఆయనకే తేలలేదు. ఈ రెండూ ఒక్కోసారి ఎదురెదురుగా నిలబడతాయి. డాష్‌కు బొక్కలు పడొద్దని సక్షన్ కప్పుతో అతికిస్తే డాష్ క్షేమం, మన ఎండలకు కప్పు పట్టు వదిలి యూనిట్ కాళ్ళ దగ్గర పడుతుంది. యూనిట్ కదలొద్దని డాష్ కోసి లోపలికి దింపితే అది రాయిలా ఉంటుంది, డాష్‌కు మాత్రం జీవితాంతం ఒక కిటికీ మిగిలిపోతుంది. అయిదేళ్ళకు వేరే సైజు యూనిట్ కొంటే ఆ కిటికీకి అది సరిపడదు.

బిగించే పద్ధతులు మూడు అనుకోండి. యూనిట్‌తో పాటు పెట్టెలో వచ్చే బ్రాకెట్ మొదటిది. కింద పాదం, రెండు పక్కలా తిప్పే నాబ్‌లు. రబ్బరు గుండు, చెయ్యి ఉండే బాల్ మౌంట్ రెండోది. డాష్ కోసి దింపే ఫ్లష్ మౌంట్ మూడోది. షోరూంలో చూసినవాళ్ళందరికీ మూడోదే కావాలి, అందంగా ఉంటుంది కాబట్టి. మన చెరువుల్లో తిరిగే 15, 16 అడుగుల బోట్లకు నేనైతే బ్రాకెట్టే చెబుతాను. బొక్కలు చిన్నవి, కొద్దిగా తప్పినా పాదం కిందికి పోతాయి, రాత్రికి యూనిట్ విప్పి ఇంటికి తీసుకెళ్ళొచ్చు. బాల్ మౌంట్ మంచిదే గానీ సైజు చూసుకోవాలి. 5 అంగుళాల యూనిట్‌కు 1 అంగుళం గుండు చాలు. 9 అంగుళాలదానికి అదే పెడితే అలలు తగిలిన ప్రతిసారీ తల వాలుస్తుంది. దానికి 1.5 అంగుళాల గుండు కావాలి. డబుల్ సైడ్ టేపు మాట కూడా అడుగుతారు. మంచి రకం టేపు నిజంగానే గట్టిగా పడుతుంది, కాకపోతే అతికించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా నొక్కి, పూర్తి బలం రావడానికి మూడు రోజులు వదిలేయాలి. అతికించిన గంటకే బోటు తీసేవాళ్ళకు ఆ టేపు పనికిరాదు. పైగా మన దగ్గర డాష్‌ల మీద మైనం పాలిష్ పూసి ఉంటుంది, దాని మీద ఏ టేపూ నిలవదు.

రెండోసారి వెళ్ళినప్పుడు డ్రిల్ కంటే ముందు అట్టపెట్టె కోశాను. యూనిట్ ఎంతుందో అంత అట్ట ముక్క కత్తిరించి, డాష్ మీద టేపుతో నిలబెట్టి, డ్రైవరన్నను సీట్లో కూర్చోమన్నాను. కూర్చుంటే బాగానే కనిపించింది. లేచి నిలబడితే స్టీరింగ్ చక్రం సగం అట్టను కప్పేసింది. ఆయన ఒడ్డుకు తెచ్చేటప్పుడు ఎప్పుడూ నిలబడే నడుపుతాడట. ఆ సంగతి అడగాలని నాకు తోచనే లేదు. వేగం పెంచే థ్రాటిల్ లివర్‌ను పూర్తిగా ముందుకు తోస్తే ఆయన వేళ్ళు అట్టకు తగిలాయి. అరచేయంత పక్కకు జరిపాం. ఆ అట్ట అక్కడ పది నిమిషాలు ఉండకపోతే ఆ రెండు సంగతులూ బొక్కలు కొట్టాకే తెలిసేవి.

తర్వాత వెనకాల. డాష్ కింద పడుకుని, ఫోన్ లైటు వేసి, చెయ్యి పెట్టి చూడాలి. స్టీరింగ్ కేబుల్ వంపు, స్విచ్చుల వైర్ల కట్ట, కొన్ని బోట్లలో పెట్రోలు పైపు కూడా అక్కడే ఉంటాయి. పైన గుర్తు పెట్టుకున్న చోటికి సరిగ్గా కింద ఏముందో వేలితో తాకి తెలుసుకోవాలి. చెయ్యి పట్టకపోతే ఫోన్‌ను లోపలికి దూర్చి వీడియో తీయండి. బిట్టు ఎంత లోతు పోవాలో కొలిచి, బిట్టు మీద అక్కడ ఎర్ర టేపు చుట్టండి. టేపు డాష్‌కు తగలగానే ఆగిపోవాలి. ఈ చిన్న పని చేయక స్టీరింగ్ కేబుల్ తొడుగుకు బొక్క పెట్టిన మెకానిక్కును నేను చూశాను. నీళ్ళు లోపలికి పోయి వానాకాలం అయ్యేసరికి స్టీరింగ్ బిగుసుకుపోయింది.

ఫ్లష్ మౌంట్ చేసేవాళ్ళకు ఇక్కడ ఒక హెచ్చరిక. కోతకు కాగితం నమూనా పెట్టెలోనే వస్తుంది. అది పోతే కంపెనీ ఫైలు దించుకుని జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తారు. ఆ షాపు కంప్యూటర్ పేజీకి సరిపెట్టడానికి బొమ్మను నిశ్శబ్దంగా కుదిస్తుంది, లేదా పెంచుతుంది. నమూనా మీద కొలత గీత ఒకటి ఉంటుంది. స్కేలు పెట్టి చూడండి. 100 మిల్లీమీటర్లు అని రాసిన గీత 97 వచ్చిందంటే ఆ కాగితం చెత్తబుట్టకే. కోత చిన్నదైతే ఆకురాయితో పెంచుకోవచ్చు. పెద్దదైతే యూనిట్ అందులోంచి జారి కాళ్ళ మీద పడుతుంది.

ఇప్పుడు బొక్క. మాస్కింగ్ టేపు రెండు పొరలు అతికించి గుర్తులు దాని మీదే పెట్టాలి. ఇనుప పనిలో చేసినట్టు పంచు పెట్టి సుత్తితో కొట్టకూడదు, ఆ దెబ్బకే సాలెగూడులా పగుళ్ళు పోతాయి. మేకు మొనను వేళ్ళతో గుండ్రంగా తిప్పుతూ చిన్న గుంట చేస్తే చాలు, బిట్టు జారదు. 2.5 లేదా 3 మిల్లీమీటర్ల కొత్త బిట్టు పెట్టి, మిషన్‌ను రివర్స్‌లో తిప్పుతూ మొదలుపెట్టాలి. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీయండి. రివర్స్‌లో బిట్టు కోయదు, రుద్దుతుంది. రుద్దితే జెల్‌కోట్ పొడిగా రాలుతుంది, పెచ్చుగా లేవదు. తెల్ల పొడి ఆగి, పసుపు, ఆకుపచ్చ కలిసిన గాజు పీచు పొడి మొదలైందంటే పూత దాటామన్నమాట. అప్పుడు ముందుకు తిప్పండి, మెల్లగా, మిషన్ బరువుతోనే. ఆ తర్వాత ఒక్కో సైజు పెంచుకుంటూ వెళ్ళాలి. ప్రతి సైజుకూ పూత దగ్గర మళ్ళీ రివర్సే.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు పగుళ్ళు రావడం ఇక్కడి నుంచే మొదలు. స్క్రూ బిగిస్తున్నప్పుడు దాని మరలు పీచును పట్టుకుని పైకి లాగుతాయి. పూత అంచు వాటికి తగిలితే, ఆ రోజు ఏమీ కనిపించకపోయినా, నెల తిరిగేసరికి స్క్రూ చుట్టూ నక్షత్రంలా గీతలు వస్తాయి. అందుకే బొక్క పై అంచును కౌంటర్‌సింక్ బిట్టుతో ఏటవాలుగా గీకాలి. పూత దగ్గర బొక్క స్క్రూ మరల కంటే వెడల్పుగా ఉండి, స్క్రూకు పూత అసలు తగలకుండా పోవాలి. ఈ గీకుడుకు ఒక్కో బొక్కకు అర నిమిషం పడుతుంది. నేను పగలగొట్టిన బిళ్ళంత మచ్చను జెల్‌కోట్ పేస్టుతో పూడ్చాను. ఎండకు ముదిరిన డాష్ రంగు పాలమీగడలా మారి ఉంటే, నా పేస్టు సున్నంలా తెల్లగా ఉంది. బ్రాకెట్ పాదం దాన్ని ముప్పాతిక వంతు కప్పింది. మిగతా పావు వంతు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఫ్లష్ మౌంట్‌కు పెద్ద కోత కోయాలంటే మూలల దగ్గరే జాగ్రత్త. జిగ్‌సాతో నలుపలకగా కోస్తే బోటు అదిరినప్పుడల్లా బలమంతా మూలలకు చేరి అక్కడి నుంచి పగులు బయల్దేరుతుంది. విమానం కిటికీలకు మూలలు గుండ్రంగా ఉండేది ఇందుకే. ముందు నాలుగు మూలల్లో హోల్ సాతో, అది కూడా రివర్స్‌లో మొదలుపెట్టి, గుండ్రటి బొక్కలు కొట్టి, వాటిని కలుపుతూ సన్న పళ్ళ బ్లేడుతో కోయాలి. కిందికి కోసే పళ్ళున్న బ్లేడు దొరికితే ఇంకా మంచిది. జిగ్‌సా అడుగుకు టేపు అతికించకపోతే గీతలు పడతాయి. గాజు పొడి ఒంటికి తగిలితే రెండు రోజులు దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా చెడ్డది. మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకోకుండా చేయొద్దు. ఇంకో మాట. డాష్ వంపు తిరిగి ఉంటే ఫ్లష్ వద్దు. వంపు మీద యూనిట్‌ను బిగిస్తే దాని అంచు కూడా ఆ వంపు తిరగాలని చూస్తుంది, ఆ ఒత్తిడి స్క్రీన్ గాజు మీద పడుతుంది. తప్పనిసరైతే కింద చదునైన అక్రిలిక్ పలక ఒకటి పెట్టి దానికి బిగించాలి.

పట్టు సంగతి. కార్లలో వాడే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు 4 మిల్లీమీటర్ల ఫైబర్‌లో ఎక్కువ కాలం నిలవవు. మరలు పీచును నలిపి బొక్కను పెద్దది చేసుకుంటాయి. బోల్టు ఇటు నుంచి అటు పోయి, వెనకాల నట్టు ఉండాలి. ఆ నట్టుకూ డాష్‌కూ మధ్య ఒక పలక ఉండాలి. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చేటప్పుడు కింద లక్క ఆధారం ఉంటుంది. ఆధారం లేని రేకు దెబ్బకు సొట్టపోతుంది, చిల్లి పడుతుంది. పల్చటి డాష్‌కు వెనక పలక చేసే పని కూడా అదే, బలాన్ని ఒక్క చుక్క మీద పడనీయకుండా అరచేయంత మేర పరుస్తుంది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క చాలు. అది లేకపోతే కనీసం వెడల్పు వాషర్లు. నట్టు నైలాన్ రింగు ఉన్నదై ఉండాలి, అదురుకు వదులు కాదు. స్టీలు బోల్టుకు స్టీలు నట్టును మిషన్ పెట్టి వేగంగా బిగిస్తే రెండూ ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ తర్వాత కోయడమే గతి. కొంచెం గ్రీజు రాసి చేత్తో బిగించండి. బ్రాకెట్ కదలనంత వరకు చాలు. ఇంకో చుట్టు తిప్పాలనిపించినప్పుడు ఆగిపోవడమే ఈ పనిలో కష్టం. అల్యూమినియం బోటైతే స్టీలు బోల్టు కింద నైలాన్ వాషరు వేయాలి, లేకపోతే తడికి అల్యూమినియం తెల్లగా పూసి తినుకుపోతుంది.

నట్టు వదులు కాకుండా కార్ల మెకానిక్కులు థ్రెడ్ లాకర్ ఎర్ర మందు చుక్క వేస్తారు. దాన్ని యూనిట్ ప్లాస్టిక్ దరిదాపుల్లోకి రానీయొద్దు. ఆ మందు తగిలిన ప్లాస్టిక్ బిగింపు ఒత్తిడికి సన్నగా చిట్లుతుంది. డాష్ తుడవడానికి వాడే థిన్నరూ పెట్రోలూ కూడా అంతే, స్క్రీను మీది మెరుపు తగ్గించే పూతను తినేస్తాయి. తడిపిన మెత్తటి బట్ట చాలు.

బొక్కలో నీళ్ళు దిగకుండా ఏదో ఒకటి పూయాలి. వెనక ప్లైవుడ్డు ఉంటే ఇది మరీ ముఖ్యం, చెక్క తడి పీల్చి లోపల్లోపలే కుళ్ళుతుంది, బయటికి నాలుగేళ్ళ దాకా తెలియదు. అలాంటి చోట బొక్కను కావాలనే పెద్దగా కొట్టి, ఎపాక్సీ జిగురుతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ బొక్క కొట్టే పద్ధతి ఉంది. రెండు రోజుల పని, కానీ చెక్కకు నీటి చుక్క తగలదు. సిలికాన్ వాడేటప్పుడు హార్డ్‌వేర్ షాపులో మామూలుగా ఇచ్చే ట్యూబు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రాగి వైర్లకు, కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుము పట్టిస్తుంది. న్యూట్రల్ అని రాసినది అడిగి తీసుకోండి. బోటు పనికని చెబితే కొందరు పాలీయురేథేన్ జిగురు చేతిలో పెడతారు. అది అంటుకుందంటే అంటుకున్నట్టే, తర్వాత బ్రాకెట్ తీయాలంటే డాష్ పూత దాంతోనే వస్తుంది.

కరెంటు సంగతికొస్తే, కార్ల పని తెలిసినవాణ్ని కాబట్టి ఇక్కడ ధైర్యంగా ఉన్నాను. ఆ ధైర్యమే దెబ్బతీసింది. ఇగ్నిషన్ స్విచ్చు దగ్గర దొరికిన వైరుకు కలిపాను. యూనిట్ వెలిగింది. డ్రైవరన్న ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆరిపోయింది, ఒక్క క్షణం ఆగి కంపెనీ బొమ్మతో మళ్ళీ వెలిగింది. ప్రతిసారీ ఇదే. కొత్త సరుకు చెడిపోయిందని ఆయనకు టెన్షన్. సరుకు బాగానే ఉంది. స్టార్టర్ మోటరు ఒక్కసారిగా వంద ఆంపియర్లకు మించి గుంజుతుంది, ఆ క్షణంలో 12 వోల్టుల బ్యాటరీ 9, 10 వోల్టులకు జారుతుంది. సన్నని పాత వైర్ల గుండా వెళ్ళేసరికి ఇంకో వోల్టు దారిలోనే పోతుంది. యూనిట్‌కు అది చాలదు. చాలాసార్లు అలా ఆగి వెలిగితే దాచుకున్న దారి గీతలు చెరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. బ్యాటరీ నుంచే నేరుగా మందమైన జత వైరు తెచ్చి, మాన్యువల్లో చెప్పిన ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెడితే ఆ బాధ చాలా వరకు పోయింది. ఇంజిన్ స్టార్ట్ చేశాకే యూనిట్ వేయమని కూడా చెప్పాను. ఫ్యూజు యూనిట్ దగ్గర కాకుండా బ్యాటరీ దగ్గర ఎందుకంటే, అది కాపాడేది యూనిట్‌నే కాదు, మధ్యలో పెట్రోలు ట్యాంకు పక్కగా వెళ్ళే వైరును కూడా.

వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం బోట్లో పనికిరాదు. వైరు చివర లోహపు లగ్గు నొక్కి, వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు వేయాలి. అడుగున్నరకొక క్లిప్పు. యూనిట్ వెనక కనెక్టర్‌లోకి పోయే ముందు వైరును కొంచెం కిందికి వేలాడేలా వంపు తిప్పి మళ్ళీ పైకి తేవాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది. మన ఇళ్ళకు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరుకు గోడ దగ్గర వేసే వంపు లాంటిదే. యూనిట్ మీద ఐపీఎక్స్7 అని రాసి ఉంటుంది, దాన్ని చూసి అంతా మొండిధైర్యం. దాని అర్థం ఒక మీటరు నీటిలో అరగంట తట్టుకుంటుందని, అది కూడా వెనక కనెక్టర్ల మూతలు సరిగా ఉంటేనే. బోటు కడగడానికి మోటరు పైపు పెట్టి జోరుగా కొట్టే నీటికి ఆ అంకె హామీ కాదు.

డాష్ మీద ద్రవంలో తేలే కంపాస్ ఉంటే ఇంకో పేచీ. జీపీఎస్ ఉన్నాక అదెందుకని తీసేద్దామంటారు. తీయొద్దు. జీపీఎస్‌కు తాను ఎటు కదులుతున్నదీ తెలుసు, ఎటు చూస్తున్నదీ తెలియదు. బోటు ఆగితే తెర మీద బాణం దిక్కులు చూస్తూ తిరుగుతుంది. కంపాస్ ఆగినా చెబుతుంది. కానీ యూనిట్ లోపలి స్పీకరు అయస్కాంతం దగ్గరగా ఉంటే కంపాస్ అబద్ధం చెబుతుంది. ఎంత దూరం ఉంచాలో మాన్యువల్లోనే సెంటీమీటర్లలో రాసి ఉంటుంది. నమ్మకం లేకపోతే బొక్క కొట్టకముందే యూనిట్‌ను చేత్తో పట్టుకుని, ఆన్ చేసి, కంపాస్ వైపు మెల్లగా జరపండి. ముల్లు ఎక్కడ కదలడం మొదలైందో దానికి జానెడు ఇవతలే మీ గీత. ప్లస్, మైనస్ వైర్లు రెండింటినీ ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెడితే వాటి అయస్కాంత ప్రభావం చాలా వరకు రద్దవుతుంది.

ఉపగ్రహాల సంకేతం గురించి భయపడేవాళ్ళు ఎక్కువ, నిజానికి ఇది తేలికైన భాగం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అంత దూరం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం, అయినా ఫైబర్ దాన్ని ఆపదు, తాటిపత్రీ పందిరీ ఆపదు. రేకు ఆపుతుంది. టూరిస్టులకు నీడ కోసం డాష్ దాకా రేకు కప్పు వేసిన బోటైతే బయట పెట్టే యాంటెన్నా తీసుకోవాలి. కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడితేనే స్థానం తేలుతుంది.

ఎండ మాత్రం మన ప్రత్యేక సమస్య. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటడం మామూలే. యూనిట్లు చాలావరకు 55 డిగ్రీల దాకే పనిచేసేలా చేస్తారు. నల్ల డాష్ మీద ఎండలో ఆగిన బోటులో ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఫ్లష్‌గా దించిన యూనిట్ వీపుకు గాలి కూడా ఉండదు, డాష్ లోపలి వేడి దాన్ని ఉడికిస్తుంది. తెల్ల మూత పెట్టండి. మూతకు తాడు కట్టండి, ఎందుకంటే చెరువు గట్టు మీద కోతులున్నాయి. రెండు మూతలు అవి ఎత్తుకుపోయాక డ్రైవరన్న పాత పిల్లోకవరు కుట్టించి తొడిగాడు, దాని జోలికి అవి రాలేదు. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు కొనే ముందే ఆ అద్దాలతో స్క్రీను చూడాలి, కొన్ని స్క్రీన్లు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి.

అలల అదురు గురించి అందరూ ఆలోచిస్తారు. నా అనుభవంలో యూనిట్‌ను ఎక్కువ కొట్టేది చెరువు కాదు, రోడ్డు. బోటును ట్రైలర్ మీద వేసుకుని స్పీడ్ బ్రేకర్ల మీదుగా తెచ్చే 70 కిలోమీటర్లు, నీళ్ళ మీద నెల రోజులతో సమానం. నాబ్‌లు విప్పి, యూనిట్‌ను తువ్వాలులో చుట్టి, ముందు సీట్లో పెట్టుకుని రండి. బ్రాకెట్ ఎంచుకోమన్నది సగం దీని కోసమే.

ఇంత చేశాక యూనిట్ ఆన్ చేస్తే డ్రైవరన్న ముఖం చిన్నబోయింది. తెర మీద చెరువు ఖాళీ. ఈ యూనిట్లతో వచ్చే పటాలు సముద్ర తీరాలకు, పెద్ద విదేశీ సరస్సులకు వివరంగా ఉంటాయి. మన చెరువు నీలి రంగు మరక కూడా కాదు. అయితే ఇలాంటి యూనిట్లలో చాలా వాటికి సోనార్ లోతును, జీపీఎస్ స్థానాన్ని కలిపి మన పటాన్ని మనమే గీసుకునే ఏర్పాటు ఉంటుంది. పొద్దున టూరిస్టులు రాకముందు, మెల్లగా, దుక్కి దున్నినట్టు సాలు పక్కన సాలు తిప్పమన్నాను. మూడు వారాల్లో గట్టు వైపు సగం చెరువుకు లోతు గీతలు వచ్చాయి. మోడులు కనిపించిన చోటల్లా గుర్తు నొక్కాడు.

గుర్తు కూడా నిఖార్సైనది కాదని చెప్పాల్సి వచ్చింది. బాగా పనిచేసే రోజున కూడా 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. బోటు పొడవే అంత. కాబట్టి తెర మీద మోడు ఉన్న చోటుకు రెండు బోట్ల దూరం వదిలి తిప్పమన్నాను. ఆయన మూడు వదులుతున్నాడు.